పోతుంది, కాకపోతే మెల్లగా

మేంగ్ చున్‌బో గారికి ఒకే ఒక్క అలవాటు ఉంది. ఏది చూసినా "పోతుంది" అంటారు. లిఫ్టును చూసి అంటారు, గొడుగును చూసి అంటారు, కొత్త కారును చూసి కొన్నవాడి ఎదుటే అంటారు. అనేటప్పుడు ఆయన గొంతులో కోపం గానీ వెటకారం గానీ ఉండవు. రోగి బంధువులను వరండాలోకి పిలిచి మాట్లాడే పెద్ద డాక్టరు గొంతులో ఉండేంత దయ ఉంటుంది. విన్నవాళ్లు ఎక్కువ భయపడేది ఆ దయకే.

ఈ గుణం ఏ బియ్యం కొట్టువాడికో ఉంటే ఇరుగుపొరుగు సర్దుకుపోయేవాళ్లు. మేంగ్ గారు పనిచేసేది దక్షిణ కొరియాలోని డేజన్‌లో. సూర్యుడిలో ఉండే మంటను లోహపు పాత్రలో నిలబెట్టాలని కొన్ని వందల మంది తలలు పగలగొట్టుకునే పరిశోధనాలయం అది. అక్కడ ఆయన ఉద్యోగం, ఆ మంట నిలుస్తుందా పడిపోతుందా అని లెక్క కట్టి చెప్పడం. అలవాటుకు తగిన ఉద్యోగం దొరికిందో, ఉద్యోగం వల్ల అలవాటు వచ్చిందో ఎవరికీ తెలియదు. వాళ్లావిడను అడిగితే, "పెళ్లిచూపులప్పుడే కాఫీకప్పు చూసి అన్నారు. చెయ్యి తగిలి నిజంగానే పగిలింది. మనిషి మాట మీద నిలబడతాడనుకుని ఒప్పుకున్నాను" అంటుంది.

యోమ్ సోజిన్ ఆయన్ని మొదటిసారి చూసింది పంది తలకాయ ముందు. ఏడాదికోసారి ప్రయోగాలు మొదలుపెట్టేముందు అక్కడ యంత్రం ఎదుట బల్ల వేసి, ఉడికించిన పంది తల పెట్టి, అందరూ వరసగా సాగిలపడి మొక్కుతారు. పంది నోట్లో నోట్లు కుక్కి, గిన్నెలో బియ్యపు కల్లు పోస్తారు. పంది ముఖం ఎంత నవ్వుతున్నట్టుంటే ఆ ఏడాది అంత కలిసొస్తుందట. మేంగ్ గారు మొక్కడం అయ్యాక లేవకుండా పంది ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయారు.

"పాపం, దీనికి కూడా తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు డాక్టరు గారూ?" అంది సోజిన్, కొత్తగా చేరింది కాబట్టి.

"పోతుందని."

వెనక వరసలోవాళ్లు పంది సాక్షిగా పగలబడి నవ్వారు. డైరెక్టరు గ్వాక్ గారు మాత్రం నవ్వలేదు. "శుభమా అని మొదలుపెడుతుంటే ఏమిటండీ మీ నోరు!" అని విసుక్కున్నారు. ఆ ఏడాది మొదటి షాట్ పోయింది కూడా. షాట్ అంటే యంత్రంలో ఒకసారి మంట వెలిగించడం. పోతే వేడి మంట వెళ్లి గోడకు తగిలి, పాత్ర మొత్తం ఒక్కసారి దడదడలాడుతుంది. కంట్రోల్ రూములో అందరి ముఖాలూ వేలాడిపోతాయి.

చేరిన కొన్నాళ్లకు మేంగ్ గారు సోజిన్‌ను దగ్గర్లోని నూడుల్స్ హోటలుకు తీసుకెళ్లారు. చాకుతో కోసిన వెడల్పాటి నూడుల్స్, పెద్ద గిన్నెలో ఆల్చిప్పల పులుసుతో పొగలు కక్కుతూ వస్తాయి. అవి వచ్చీ రాగానే ఆయన "తిను, ఉబ్బిపోతాయి" అంటూ నోరు కాల్చుకుంటూ తినేశారు. హోటలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"ఇన్నేళ్లుగా తింటున్నాడమ్మా ఈయన. ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు. నా హోటలు మూతపడుతుందని నేను తెరిచిన రోజునుంచీ చెబుతున్నాడు."

"పడుతుందిగా మరి, ఎప్పటికైనా" అన్నారు మేంగ్ గారు మూతి తుడుచుకుంటూ.

తర్వాత బార్లీ టీలో వేలు ముంచి బల్లమీద ఒక సున్నా గీశారు. దాని చుట్టూ ఇంకో సున్నా గీశారు.

"లోపలిది ప్లాస్మా, అదే మన మంట. వేడి కోట్ల డిగ్రీలు. అయస్కాంతాలతో గాల్లో పట్టుకున్నాం. ఒత్తిడి పెంచితే గాని పనికొచ్చేంత మంట రాదు. ఒక హద్దు దాటి పెంచితే ఒక పక్కకు ఉబ్బుతుంది. ఉబ్బగానే ఈ బయటి గోడలో కరెంటు పుట్టి దాన్ని వెనక్కి తోస్తుంది. గోడలో నిరోధం అనేదే లేకపోతే ఆ కరెంటు అలాగే ఉండును, తోపూ అలాగే ఉండును. హాయిగా ఇంటికెళ్లి పడుకుందుం."

"మన గోడ?"

"మామూలు ఉక్కు. కరెంటు పుడుతుంది, కాసేపటికి నీరసించి చస్తుంది. మన గోడ ఒట్టి మొహమాటస్తుడమ్మా. అప్పడిగేవాడు వస్తే మొదట 'కుదరదు' అంటాడు. వాడు గుమ్మంలోంచి కదలకపోతే మెత్తబడతాడు. చివరికి 'సరే, లోపలికి రా' అంటాడు. అయిపోయింది. పోతుంది."

"ఎంతసేపట్లో?"

"గోడ లేకపోతే నువ్వు రెప్ప వేద్దామనుకునేలోపే. గోడ ఉంటే రెప్ప సగం వాలేదాకా ఆగుతుంది. పోతుంది, కాకపోతే మెల్లగా."

"అంత చిన్న తేడాకేనా డాక్టరు గారూ ఇంత హంగామా?"

"ఆ తేడాలోనేనమ్మా నీ ఉద్యోగం!"

నిజమే. సోజిన్ పని ఆ మొహమాటస్తుడికి సాయం వెళ్లడం. గోడ మెత్తబడేలోపు, చుట్టూ ఉన్న కాయిల్స్, అంటే కరెంటు తీగచుట్టలు, ఆ ఉబ్బును పసిగట్టి వెనక్కి తోయాలి. మేంగ్ గారు మళ్లీ టీలో వేలు ముంచి, ఆ కాయిల్స్ కూడా లెక్కలో కలిపి, బల్ల ఈ చివరనుంచి ఆ చివరదాకా గీతలు గీసుకుంటూ పోయారు. "సరిగ్గా తోస్తే రెండు సెకన్లు నిలవచ్చు" అని, అంత మంచి మాట నోట వచ్చినందుకు తనే జడుసుకున్నట్టు, "నిలవదనుకో" అని కలిపారు. అంతలో హోటలావిడ తడిగుడ్డ తెచ్చి రెండు సెకన్లనూ తుడిచేసింది.

ఆయన నోటికి జడిసి ఎవరూ శుభకార్యాలకు పిలవరనుకుంటే పొరపాటు. విద్యుత్ విభాగంలో పనిచేసే నామ్‌గుంగ్ యుల్ ధైర్యం చేసి, తన పెళ్లికి పెద్దగా నిలబడి ఆశీర్వాద ప్రసంగం చేయమని అడిగాడు. మేంగ్ గారు బూడిదరంగు సూటు వేసుకొచ్చారు. పెళ్లివేదిక ఎక్కుతూ దాని కాళ్లవైపు అనుమానంగా చూశారు.

"నాయనా, అమ్మా," అని మొదలుపెట్టారు, "దోషంలేని గోడ పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు. మీ ఇద్దరి మధ్యా గొడవలు పుడతాయి. ఉబ్బుతాయి. కాబట్టి ఈ పెళ్లి..." ఆయన ఇక్కడ ఆగి మంచినీళ్లు తాగారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. "ఈ పెళ్లి పోతుంది. కాకపోతే చాలా మెల్లగా. ఈలోపు మీరు ముసలివాళ్లయిపోతారు, మనవలు పుడతారు. మీకు గమనించే తీరిక కూడా ఉండదు. అభినందనలు."

పెళ్లికూతురి తల్లి కళ్లు ఒత్తుకుంది. సంతోషంతోనో మరెందుకో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కంట్రోల్ రూములో మాత్రం ఆయన మాట ఒక ఆచారమైపోయింది. ప్రతి షాట్‌కు ముందూ ఎవరో ఒకరు "ఏమంటారు మేంగ్ గారూ?" అని అడగడం, ఆయన అందరికీ వినబడేలా "పోతుంది" అనడం, ఎలా పోతుందో కూడా చెప్పడం. జోస్యం తప్పితే గదిలో ఉన్నవాళ్లందరికీ ఆయన నూడుల్స్ పెట్టించాలని ఒప్పందం. ఒప్పందం బాగానే ఉంది గాని, ఆ నూడుల్స్ తిన్నవాళ్లు తక్కువ. యంత్రం నడిపే టాక్ హ్యేవన్ అనే ఆవిడ, కుర్రకారంతా అక్కా అని పిలుస్తారు, "ఈయన నోట్లో నాలుకకు బదులు పుట్టుమచ్చ ఉందేమో చూడండ్రా" అనేది.

షాట్ పోగానే గ్వాక్ గారు మెట్లు దిగి వచ్చేవారు. ఆయన కోపానికి ముందు బూట్ల చప్పుడు వచ్చేది.

"ఎవరు చేశారిది?" అనేవారు.

ప్రయోగం నడిపించే కుర్చీలో ఉన్న చిన్నవాళ్లు నోరు తెరిచేలోపు మేంగ్ గారి గొంతు వినబడేది. "నేను ముందే చెప్పాను కదండీ."

"అదే మీతో వచ్చిన చావు! మీరు చెప్పబట్టే పోతోంది!"

"చెప్పకపోయినా పోతుందండీ. గోడ స్వభావం."

"గోడ సంగతి తర్వాత, ముందు మీ స్వభావం మార్చుకోండి!"

అలా ఇద్దరు పెద్దవాళ్లూ ఒకరి మీద ఒకరు ఎగురుతుంటే, కుర్చీలో ఉన్నవాళ్లు తప్పు దిద్దుకుని తర్వాతి షాట్‌కు సిద్ధమైపోయేవాళ్లు. గ్వాక్ గారికి ఊపిరి అయిపోయేసరికి ఎవరిని తిట్టడానికి వచ్చారో ఆయనకే గుర్తుండేది కాదు.

ఒక్క విషయం మాత్రం సోజిన్‌కు నచ్చేది కాదు. అప్పుడప్పుడు గ్వాక్ గారే ఆ కుర్చీలో కూర్చుని సొంత ప్రయోగం చేసేవారు. ఆరోజు మాత్రం మేంగ్ గారు మూలన కూర్చుని బార్లీ టీ తాగేవారు. ఎవరైనా "ఏమంటారు?" అంటే, "అబ్బే, నేనేమంటాను" అనేవారు. షాట్ పోయినా సరే, ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు.

"చూశావా, పెద్దాయన ముందు మాటే పెగలదు. మన దగ్గరే ప్రతాపం" అని టాక్ అక్క గొణిగింది. సోజిన్‌కు కూడా అలాగే అనిపించింది. ఇంత నిక్కచ్చి మనిషికి ఈ పిరికితనమేమిటని మనసు చివుక్కుమంది.

ఇలా ఉండగా సోజిన్‌కు అసలు కష్టం వచ్చిపడింది. కాయిల్స్ పని ఎటూ తేలడంలేదని, ఆ విద్యుత్ పరికరాలన్నీ విప్పి ప్లాస్మాను వేడిచేసే విభాగానికి ఇచ్చేయాలని పైనుంచి మాట వచ్చింది. పరికరాలు పోతే ఆమె ఉద్యోగ ఒప్పందం కూడా పొడిగించరు. సలహా సంఘం పెద్దలు స్వయంగా వచ్చి, ఏడాది చివరి ప్రయోగాల రోజు చూసి, అక్కడికక్కడే తేలుస్తారట. ఆ రోజు కుర్చీ సోజిన్‌ది.

ఆ రోజు రానే వచ్చింది. అద్దాల గదిలో పెద్దలు కూర్చున్నారు. వాళ్లకు అధ్యక్షురాలు సగ్ మల్హీ అనే ముసలావిడ, నవ్వని మనిషి. గ్వాక్ గారు ఆవిడ పక్కనే చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

మొదటి షాట్‌కు మేంగ్ గారు "పోతుంది" అన్నారు. పోయింది. ఒత్తిడి హద్దు దాటకముందే మంట ఆరింది. రెండోదానికీ అదే మాట. ప్లాస్మా ఉబ్బడం మొదలుపెట్టింది, కాయిల్స్ తోశాయి, అయినా పోయింది. ఇక సోజిన్‌కు కంగారు పుట్టింది. కాయిల్స్ తోపు బలం పెంచింది. ఇంకోటి పోయింది. ఇంకా పెంచింది. మధ్యాహ్నానికి ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. భోజనమని టాక్ అక్క చేతికిచ్చిన కింబాప్ అన్నపు చుట్టలు అలాగే ఎండిపోయాయి. ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలి, పుస్తకాలు ఎవరికివ్వాలి అని ఆలోచనలు కూడా మొదలయ్యాయి. ఏడుపొస్తోంది, ఏడవడానికి చోటు లేదు.

అద్దాల గది తలుపు తెరుచుకుని, బూట్ల చప్పుడు వచ్చింది.

"ఎవరు..." అన్నారు గ్వాక్ గారు.

"నేను ముందే చెప్పాను కదండీ" అన్నారు మేంగ్ గారు.

"మీరు ఈరోజన్నా నోరు మూసుకుంటారా లేదా!"

వాళ్లు ఆ వాదంలో ఉండగానే మేంగ్ గారు సోజిన్ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు. తెర మీదున్న వంకర గీతను చూశారు. పాత్రలో పుట్టే ప్రతి చిన్న వణుకుకూ కాయిల్స్ ఎగిరెగిరి తోస్తున్నాయి. ప్లాస్మా పడిపోతున్నది సగం తన ఉబ్బు వల్ల, సగం వీటి కంగారు వల్ల.

"పోతుందని తెలుసు కదమ్మా" అన్నారు మెల్లగా. "మరి తొందరెందుకు? గోడ మొహమాటపడుతూనే నీకు కాస్త వ్యవధి ఇస్తోంది. వాడి మర్యాద వాణ్ణి చెయ్యనీ. చెయ్యి తగ్గించు."

సోజిన్ తోపు బలం బాగా తగ్గించింది. చిన్న వణుకులను పట్టించుకోవద్దని కాయిల్స్‌కు ఆజ్ఞ మార్చింది. తర్వాతి షాట్ కోసం యంత్రం చల్లబడుతోంది. ఏడాదికి మిగిలింది ఆ ఒక్క షాటే.

ఈసారి "ఏమంటారు మేంగ్ గారూ?" అని ఎవరూ అడగలేదు. అడిగే ప్రాణం ఎవరికీ లేదు. ఆయనే కదిలి, అద్దాల గదికి వినబడే మైకు దగ్గరికి నడిచారు. గ్వాక్ గారు ఆపబోయారు గాని అందుకోలేకపోయారు.

"అయ్యా, అమ్మా, ఇది పోతుంది" అన్నారు మేంగ్ గారు. "హద్దు దాటాక సెకనులో ఇరవయ్యో వంతు ఉంటుంది. ఆపైన ఉండదు. కావాలంటే గడియారం పెట్టి చూసుకోండి."

సోజిన్ గిర్రున తిరిగి ఆయన్ని చూసింది. తన చేతిలో ఉన్న చివరి షాట్‌కు ముందు, ఆ పెద్దల ఎదుట, మైకు పెట్టి మరీ! ఆ క్షణంలో ఆయన మీద అసహ్యమే వేసింది. టాక్ అక్క పళ్లు నూరుతూ అంకెలు వెనక్కి లెక్కపెట్టింది. ప్లాస్మా వెలిగింది.

ఒత్తిడి పెరిగింది. హద్దు దాటింది. ఉబ్బు మొదలైంది. కాయిల్స్ ఒకసారి తోశాయి, ఆగాయి, మళ్లీ తోశాయి. మేంగ్ గారి ఇరవయ్యో వంతు ఎప్పుడో వెనకబడిపోయింది. సెకను దాటింది. గదిలో ఎవరో "అమ్మో" అన్నారు. రెండో సెకను కూడా దాటింది. అప్పుడు ఉబ్బు మెల్లగా, మహా మర్యాదగా పైకి లేచి, పోయింది.

ఈసారి బూట్ల చప్పుడు రాలేదు. మైకులో సగ్ మల్హీ గారి గొంతు వినబడింది.

"పోయింది కదా?"

"పోయిందండీ" అన్నారు గ్వాక్ గారు నీరసంగా.

"మరి ఇందాక మాట్లాడినాయన లెక్క ఎందుకు తప్పింది? ఆయన చెప్పినదానికి నలభై రెట్లు నిలిచింది!"

మేంగ్ గారు మళ్లీ మైకు దగ్గరికి వెళ్లారు. తల గోక్కున్నారు. క్లాసులో పాఠం అప్పజెప్పలేని పిల్లవాడిలా నిలబడ్డారు.

"నేను గోడ ఒక్కదానికే లెక్క కట్టానమ్మా. ఆ లెక్కలో తప్పులేదు, గోడ ఒక్కటే ఉంటే అంతే. ఈ అమ్మాయి కాయిల్స్‌ను అందులో కలపలేదు. మిగతా సమయమంతా వాటిదే. నా పరువు తీసింది."

నవ్వని మనిషి నవ్వింది. గ్వాక్ గారు, ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన సమయం వచ్చినట్టు, "చూశారా, ఈయన జోస్యాలన్నీ ఇంతే!" అని చప్పట్లు కొట్టారు. గదంతా కొట్టింది. ముసలావిడ ఆ చప్పట్ల మధ్యే, కాయిల్స్‌ను కదపొద్దని, ఆ అమ్మాయిని కూడా కదపొద్దని చెప్పేసి, కోటు తొడుక్కుంది.

సోజిన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమెకు బార్లీ టీ గుర్తొచ్చింది. బల్ల ఈ చివరనుంచి ఆ చివరదాకా పాకిన ఆ తడి గీతలు గుర్తొచ్చాయి.

ఒప్పందం ఒప్పందమే కాబట్టి ఆ సాయంత్రం కంట్రోల్ రూమంతా నూడుల్స్ హోటల్లో దిగింది. "ఈయన పెట్టిస్తున్నాడా?" అని హోటలావిడ తలుపు దగ్గరే ఆగిపోయింది. "బయట అంతా మామూలుగానే ఉందా, వడగళ్లేమన్నా పడుతున్నాయా?"

మేంగ్ గారు గరిటె పుచ్చుకుని, పెద్ద గిన్నెలోంచి ఒక్కొక్కరికీ వడ్డిస్తున్నారు. సోజిన్ ఆయన పక్కన చేరింది.

"డాక్టరు గారూ, కాయిల్స్‌ను కలిపిన లెక్క ఈ బల్లమీదే కదా కట్టారు. రెండు సెకన్లని మీరే అన్నారు."

"ఎక్కడ?" అన్నారు ఆయన బల్ల వైపు చూస్తూ. "చూపించు."

"ఆవిడ తుడిచేసింది."

"మరింకేం! సాక్ష్యం లేదు."

సోజిన్‌కు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఇంకొకటి అడగాలనిపించింది.

"మా అందరికీ ప్రతిసారీ పోతుందంటారు. గ్వాక్ గారు కుర్చీలో కూర్చుంటే మాత్రం నోరు మెదపరు. ఎందుకు?"

మేంగ్ గారు గరిటె ఆపి, అంత తెలివిగల పిల్ల ఇంత చిన్న సంగతి అడిగిందేమిటన్నట్టు చూశారు.

"షాట్ చెడితే ఆయనకేం పోతుందమ్మా?"

పక్కనే ఉన్న టాక్ అక్క చేతిలో చాప్‌స్టిక్‌లు ఆగిపోయాయి. ఆవిడ ముల్లంగి కిమ్చీ పచ్చడి గిన్నెను ఆయన వైపు నెట్టింది. సోజిన్‌కు బూట్ల చప్పుళ్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటికి అడ్డంగా ప్రతిసారీ లేచిన ఆ ఒక్క మాట కూడా గుర్తొచ్చింది. ఆయన్ని అసహ్యించుకున్న ఆ క్షణం తలుచుకుని సిగ్గుపడింది.

"నా ఒప్పందం రెండేళ్లు పొడిగించారు డాక్టరు గారూ" అంది.

"రెండేళ్లేగా. పోతుంది."

"మెల్లగా కదా?"

"మెల్లగానేలే. కబుర్లాపి తిను, ఉబ్బిపోతాయి."

అందరికీ వడ్డించి, చాలనివాళ్లకు మళ్లీ వడ్డించి, నామ్‌గుంగ్ యుల్‌కు వద్దన్నా ఇంకో గరిటె వేసి, చిట్టచివరికి మేంగ్ గారు తన గిన్నె ముందు కూర్చున్నారు. అందులో పులుసన్నది లేదు. నూడుల్స్ అంతా పీల్చుకుని, గిన్నె అంచుదాకా ఉబ్బి కూర్చున్నాయి.

"చెప్పానా!" అన్నారాయన గదంతా వినబడేలా, పరమ సంతోషంగా.